దాచుకొనరాని బాధ

ఇంటిలో నలుగురును కూర్చుండి వినుచున్న వేళ రేడియోలో ప్రస్తావింపదగిన విషయములు కొన్ని, తగనివి కొన్ని అని మనలో వ్రాయని నియమమొకటి కలదు. కంటిజబ్బు, కీళ్ళనొప్పి, మలేరియా, పాముకాటు మున్నగువానిని గూర్చి ఎన్నియో ప్రసంగములు మీరు వినియున్నారు. నేడు మేము ప్రస్తావింపబోవు విషయము ఆ నియమమునకు కొంచెము వెలుపలిది. పురుషాంగము కొనను కప్పియుండు చర్మమునకు వచ్చు వాపులను గూర్చియు, వానికి సున్తీ అను శస్త్రచికిత్స ఎప్పుడు అవసరమో, ఎప్పుడు అనవసరమో అను దానిని గూర్చియు ఈ ప్రసంగము. మగబిడ్డలు గల తల్లులు, షుగరు వ్యాధి గల పెద్దలు, వారిని కనిపెట్టి యుండు గృహిణులు, వీరందరికిని దీనితో నిమిత్తమున్నది. కనుక ఎవరును లేచి వెళ్ళవలసిన పనిలేదు. శరీరములో ఏ భాగమును సిగ్గుపడదగినది కాదు. దానికి వచ్చిన వ్యాధిని దాచి ముదురబెట్టుకొనుటయే విచారింపదగినది.

ఆ మడతచర్మమును అగ్రచర్మమని వ్యవహరింతము. వాడుకలో దానిని ముందుతోలు అందురు. అది లోపలి మెత్తని భాగమును రాపిడినుండి కాపాడును. దాని లోపలి పొర పలుచనిది, ఎల్లప్పుడు తేమగా నుండునది. ఆ తేమ మేలుచేయునదియే. కాని శుభ్రత తప్పినప్పుడును, మూత్రములో చక్కెర చేరినప్పుడును ఆ తేమయే క్రిములకు ఆశ్రయమగును. చర్మము వెనుకకు జరుగక బిగిసియుండుటను వైద్యులు ఫైమోసిస్ అందురు. చర్మమును, లోపలి భాగమును ఎర్రబడి, వాచి, మంటపుట్టుటను బాలనైటిస్ అందురు. ఈ రెండు పేర్లును గుర్తుంచుకొన్న చాలును.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒక్కటే. ఈ బిగువునకు వయస్సును బట్టి అర్థము మారును. మూడేండ్ల బాలునిలో అది సహజస్థితి. కాలము దానిని సరిచేయును. ఏబదియేండ్ల పురుషునిలో అది కొత్తగా వచ్చినచో, అది శరీరము పంపిన ఒక కబురు. ఆ కబురు పెక్కుసారులు షుగరు వ్యాధిని గూర్చినదై యుండును. ఈ భేదము తెలియకపోవుట వలన పసివారికి అవసరములేని కోతయు, పెద్దవారికి అవసరమైన చికిత్సలో ఆలస్యమును, రెండును జరుగుచున్నవి.

మొదట బాలుర సంగతి చూతము. పుట్టిన శిశువునకు అగ్రచర్మము లోపలి భాగమునకు అతుక్కొనియే యుండును. ఇది లోపము కాదు, ప్రకృతి ఏర్పాటు. 1949లో డగ్లస్ గైర్డ్‌నర్ అను ఆంగ్ల శిశువైద్యుడు ‘బ్రిటిష్ మెడికల్ జర్నల్’లో ఈ విషయమై ఒక వ్యాసము ప్రకటించెను. పుట్టిన బిడ్డలలో నూటికి 4 గురికి మాత్రమే ఆ చర్మము పూర్తిగా వెనుకకు జరుగుననియు, మూడేండ్లు నిండునప్పటికి నూటికి సుమారు 90 మందికి జరుగుననియు ఆయన చూపెను. అంతేకాక, ఆనాటి ఇంగ్లండు, వేల్సులలో ఈ శస్త్రచికిత్స మూలమున ఏటేట సుమారు 16 మంది పసివారు మరణించుచున్నారని లెక్కలతో తెలిపెను. ఆ వ్యాసము వెలువడిన పిమ్మట బ్రిటనులో శిశువులకు అలవాటుగా చేయు సున్తీ తగ్గిపోయెను.

గైర్డ్‌నర్ అనుకొన్నదానికంటెను ప్రకృతి ఇంకను నెమ్మదిగా పనిచేయునని తరువాతి పరిశోధన తెలిపినది. డెన్మార్కు దేశమున యాకబ్ ఓస్టర్ అను వైద్యుడు పాఠశాల బాలురను ఏండ్ల తరబడి పరీక్షించి, 1968లో తన ఫలితములను ప్రకటించెను. ఆరేడేండ్ల బాలురలో నూటికి 8 మందికి చర్మము బిగువుగా నుండగా, పదునారు, పదునేడేండ్ల వారిలో అట్టివారు నూటికి ఒక్కరు మాత్రమే. లోపలి అతుకులు ఆరేడేండ్లలో నూటికి 63 మందికి ఉండగా, పదునారు, పదునేడేండ్లకు 3 గురికి మాత్రమే మిగిలినవి. అనగా, వైద్యుని కత్తి చేయవలసినదనుకొన్న పనిని పెక్కుమందిలో వయస్సే చేసిపెట్టినది.

దీనినిబట్టి తల్లులు గ్రహింపవలసినది యేమి? కొన్ని ఇండ్లలో నూనె అంటి, నలుగుపెట్టి నీళ్ళుపోయునప్పుడు, పెద్దవారు పసిబిడ్డ ముందుతోలును బలవంతముగా వెనుకకు లాగుచుందురు. శుభ్రము కావలెనను సదుద్దేశముతోనే అట్లు చేయుదురు. కాని లాగినప్పుడు పలుచని పొర చిట్లును. ఆ చిట్లిన చోట మచ్చకట్టి, సహజముగా వదులు కావలసిన చర్మము నిజముగానే బిగిసిపోవును. పైభాగమును గోరువెచ్చని నీటితో కడిగిన చాలును. బాలుడు పెరిగి, చర్మము తనంతట తాను జరుగ మొదలిడినప్పుడు, స్నానవేళ మెల్లగా వెనుకకు జరిపి, కడిగి, తిరిగి ముందుకు తెచ్చుట వానికే నేర్పవలెను. మూత్రము పోయునప్పుడు చర్మము బుడగవలె ఉబ్బి, వెంటనే తగ్గిపోవుటను చూచి కంగారుపడనక్కరలేదు. అయితే మూత్రము సన్నని దారముగా వచ్చుట, బాలుడు ముక్కుచు ఏడ్చుట, చీము కారుట, మాటిమాటికి జ్వరముతో మూత్రములో మంట కలుగుట, చర్మపు అంచున తెల్లని గట్టి వలయము కనబడుట, ఇవి మాత్రము వైద్యునికి చూపదగిన గుర్తులు.

మన పూర్వులకు ఈ వ్యాధులు తెలియనివి కావు. సుశ్రుతసంహితలో క్షుద్రరోగములను వర్ణించు భాగమున నిరుద్ధప్రకశము, పరివర్తిక, అవపాటిక అను మూడు వ్యాధులు చెప్పబడినవి. మొదటిది చర్మము బిగిసి మూత్రమార్గము నిరోధింపబడుట. రెండవది వెనుకకు జరిగిన చర్మము తిరిగి ముందుకు రాక, ముడివలె వాచి నిలుచుట. మూడవది చర్మము చిట్లుట. బలవంతముగా వెనుకకు లాగుటయు దానికి ఒక కారణముగా ఆ గ్రంథమున చెప్పబడినది. చికిత్సలో గూడ సుశ్రుతుడు తొందరపడలేదు. బిగిసిన చర్మమునకు నేయి పూసిన గొట్టమును ప్రవేశపెట్టి, మూడేసి దినముల కొకసారి లావైన దానిని మార్చుచు, క్రమముగా వదులు చేయవలెననెను. అట్లు సాధ్యముగాని యెడలనే శస్త్రము. మొదట మృదువైన ఉపాయము, తుదకు కత్తి అను ఈ క్రమము నేటి వైద్యశాస్త్రమునకును సమ్మతమే.

ఇక పెద్దవారి సంగతి. నిజామాబాదునుండి బోధను వైపు పోవువారికి శక్కర్‌నగరు పేరు తెలియనిది కాదు. 1937లో నెలకొల్పబడిన నిజాం చక్కెర కర్మాగారము చుట్టును పెరిగిన పేట అది. 2015 డిసెంబరులో ఆ కర్మాగారము మూతపడినను, నిజాంసాగరు కాలువల క్రింద చెరకు పండించిన ఈ సీమకు చక్కెర సీమ యను పేరు నిలిచియే యున్నది. ఇచ్చటివారు “షుగరు” అన్నప్పుడు ఒకప్పుడు కర్మాగారము స్ఫురించెడిది. నేడు మొదట వ్యాధియే స్ఫురించును. చెరకు పండించిన మాత్రమున ఆ వ్యాధి రాదు. అది దేశమంతటను వ్యాపించినది. భారత వైద్య పరిశోధన మండలి వారు దేశవ్యాప్తముగా జరిపిన పరిశీలన ఫలితములు 2023లో వెలువడినవి. వాని ప్రకారము దేశమున పెద్దవారిలో నూటికి 11.4 మందికి, అనగా సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహమున్నది. ఇంకను 13 కోట్ల 60 లక్షల మంది దాని వాకిట నిలిచియున్నారు.

మధుమేహమునకును, ముందుతోలునకును సంబంధమేమి? రక్తములో చక్కెర 100 మిల్లీలీటరులకు సుమారు 180 మిల్లీగ్రాములు మించినప్పుడు మూత్రపిండములు దానిని పూర్తిగా నిలుపజాలవు. అది మూత్రములోనికి దిగును. మూత్రము పోసిన చోట చీమలు చేరుటను మన ప్రాచీన వైద్యులు గమనించిరి. మధుమేహమను పేరులోనే తీపి యున్నది. చీమలకు ప్రియమైనది శిలీంధ్రములకును ప్రియమే. ప్రతిసారియు మూత్రపు చుక్కలు కొన్ని చర్మపు మడతలో మిగులును. అచ్చట వెచ్చదనమున్నది, తేమ యున్నది, ఇప్పుడు చక్కెరయు చేరినది. కాండిడా అను శిలీంధ్రమునకు ఇంతకంటె అనుకూలమైన చోటు లేదు. దురద, ఎర్రదనము, పెరుగు తరకవంటి తెల్లని పొర మొదట కనబడును. పిమ్మట చర్మపు అంచున సన్నని పగుళ్ళు నిలువుగా ఏర్పడును. పగులు మానినప్పుడెల్ల మచ్చకట్టును. మచ్చకట్టిన చర్మము సాగదు. సాగనందున మరల పగులును. ఇట్లు నెలలు గడచునప్పటికి, ఏండ్ల తరబడి వదులుగా నుండిన చర్మము ఉంగరమువలె బిగిసిపోవును.

బోధను ప్రాంతపు రైతు నొకనిని ఊహింతము. చెరకు నరుకు దినములు. తెల్లవారినది మొదలు చెమటతో పని. తొడల సందున దురద ఆరంభమైనది. ఇంటిలో చెప్పుటకు సిగ్గు. మెడికల్ షాపునకు పోయి, గొంతు తగ్గించి “దురద మందు” అడుగును. వారు ఒక ట్యూబు నిత్తురు. అందులో శిలీంధ్రమును చంపు మందుతోపాటు, క్రిములను చంపు మందును, బలమైన స్టెరాయిడును కలిసియుండును. మూడు దినములలో దురద మాయమగును; వారము తిరుగకముందే రెట్టింపై వచ్చును. స్టెరాయిడు వాపును అణచునేగాని శిలీంధ్రమును చంపదు. పైపెచ్చు దానికి ఊతమిచ్చును. ఇట్టి మిశ్రమముల దుర్వినియోగమును గూర్చి మన దేశపు చర్మవైద్యులు ఏండ్ల తరబడి హెచ్చరించుచు వచ్చిరి. 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వము 14 రకముల స్టెరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని ఉత్తరువు చేసెను. ఉత్తరువు ఉన్నను, అడుగువారు అడుగుచున్నంతకాలము ఇచ్చువారును ఉందురు. మన రైతు అట్లు ఒక ఏడాది గడపును. ఆ ఏడాదియంతయు అతని రక్తములో చక్కెర తన పని తాను చేయుచునే యుండును, కంటిలో, మూత్రపిండములలో, అరికాలి నరములలో.

అందువలన మేము చెప్పునది యేమన, పెద్దవయస్సులో ముందుతోలు కొత్తగా బిగిసినను, మాటిమాటికి వాచినను, మొదట చేయింపవలసినది రక్తపరీక్ష. పరగడుపున రక్తములో చక్కెర 126 మిల్లీగ్రాములుగాని, అంతకు మించిగాని ఉన్నయెడల అది మధుమేహమునకు గుర్తు. వైద్యుడు దానిని మరియొక పరీక్షతో నిర్ధారించును. ఈ చిన్న బాధ మూలమున తనకు షుగరు ఉన్నదని మొట్టమొదట తెలిసికొన్నవారు పెక్కుమంది కలరు. చక్కెర అదుపునకు వచ్చినచో, శిలీంధ్రమును చంపు లేపనము సక్రమముగా వాడినచో, తొలిదశలోని వాపు కోత లేకుండగనే నయమగును.

ఇచ్చట షుగరు మాత్రలను గూర్చి ఒక మాట. ఇటీవలి సంవత్సరములలో ఒక కొత్తరకపు మందులు వాడుకలోనికి వచ్చినవి. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్ అనునవి వాని పేర్లు. ఇవి మూత్రపిండములు చక్కెరను తిరిగి రక్తములోనికి పీల్చుకొనకుండ ఆపి, దానిని మూత్రము వెంట బయటకు పంపును. గుండెకును, మూత్రపిండములకును ఇవి చేయు మేలు గొప్పది. 2020లో డాపాగ్లిఫ్లోజిన్‌పై పేటెంటు గడువు మన దేశమున ముగిసినందున దాని వెలయు తగ్గి, వాడకము విస్తరించినది. అయితే మూత్రములో చక్కెర పెరిగినప్పుడు మడతలో శిలీంధ్రము పెరుగుటయు సహజమే. కానాగ్లిఫ్లోజిన్‌పై జరిగిన ప్రయోగములలో, ఆ మందు వాడిన పురుషులలో నూటికి సుమారు 4 గురికి ఇట్టి వాపు వచ్చెను. మందు లేని ఉత్తుత్తి మాత్ర తీసికొన్నవారిలో నూటికి ఒక్కరికంటె తక్కువ మందికి వచ్చెను. సున్తీ కానివారిలోనే ఇది ఎక్కువ. 2018 ఆగస్టులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మరియొక హెచ్చరిక చేసెను. ఈ మందులు వాడువారిలో మిక్కిలి అరుదుగా జననేంద్రియముల చుట్టునుగల కండ కుళ్ళిపోవు ప్రమాదకరమైన వ్యాధి రావచ్చునని దాని సారాంశము. ఐదేండ్లకు పైబడిన కాలములో వారి దృష్టికి వచ్చినవి 12 సంఘటనలు మాత్రమే. కనుక భయపడి మాత్రలు మానివేయరాదు. రోజూ శుభ్రపరచుకొనుట మానరాదు. దురద పుట్టినచో మందు వ్రాసిన వైద్యునికి చెప్పవలెను. జ్వరముతో కూడ ఆ భాగమున తీవ్రమైన నొప్పి, వాపు కలిగినచో ఆ గంటయే ఆసుపత్రికి పోవలెను.

శుభ్రత యనగా సబ్బుతో పలుమార్లు తోముట అని కొందరి భావము. దీనిని 1993లో ఇంగ్లండున జరిగిన ఒక పరిశీలన తారుమారు చేసినది. మాటిమాటికి బాలనైటిస్ వచ్చు 43 మందిని వైద్యులు పరీక్షింపగా, వారిలో 31 మంది బాధకు కారణము క్రిమి కాదు, చర్మమునకు కలిగిన ఒరపిడి, మంట మాత్రమే. వారు ఇతరులకంటె ఎక్కువ సారులు సబ్బుతో కడుగుకొనుచుండిరి. సబ్బు మాన్పించి, చర్మమును మెత్తబరచు లేపనము నిచ్చినంతనే 28 మందికి బాధ అదుపునకు వచ్చెను. మురికికి భయపడి గాయములకు వాడు ఘాటైన ద్రవములను నీటిలో కలిపి కడుగువారు ఈ సంగతి గమనింపవలెను. అట్లే నిమ్మరసము, ఉప్పు, పసుపుముద్ద పూయుటయు తగదు. పసుపు మన జిల్లాకు బంగారమే. కాని దానికి తగిన చోటు వంటయిల్లు. మంచినీటితో రోజునకొకసారి కడిగి, మెత్తని బట్టతో తడి అద్దుకొని, చర్మమును తిరిగి ముందుకు తెచ్చిన చాలును.

చక్కెరతో నిమిత్తము లేకుండ చర్మమునకే వచ్చు వ్యాధులును కలవు. వానిలో ముఖ్యమైనది లైకెన్ స్క్లెరోసస్. 1928లో ష్ట్యూమర్ అను జర్మను వైద్యుడు పురుషులలో దాని స్వరూపమును వర్ణించెను. చర్మము తెల్లబారి, కాగితమువలె పలుచబడి, పిమ్మట గట్టి వలయముగా బిగియును; మూత్రద్వారము సైతము మూసికొనిపోవచ్చును. పిల్లలలో వచ్చు నిజమైన ఫైమోసిస్‌కు పెక్కుసారులు ఇదియే కారణమని 1980లో రిక్‌వుడ్ మున్నగు ఆంగ్ల శస్త్రవైద్యులు చూపిరి. ఏండ్ల తరబడి విడిచిపెట్టినచో కొద్దిమందిలో ఇది పుట్టకురుపునకు, అనగా క్యాన్సరునకు దారితీయును. రెండవది, 1952లో జూన్ అను డచ్చి చర్మవైద్యుడు వర్ణించిన వాపు. ఇది పెద్దవయస్సువారిలో నున్నని, మెరయు ఎర్రమచ్చగా కనబడును. 2000లో లండనులోని వైద్యులు జననేంద్రియ చర్మవ్యాధులు గల 357 మంది పురుషులను పరీక్షించి ప్రకటించిన వ్యాసములో, జూన్ వర్ణించిన ఆ వాపు గలవారిలో ఒక్కరికైనను సున్తీ అయియుండలేదని తెలిపిరి. మడత లేనిచోట ఈ వ్యాధి నిలువజాలదని దీనివలన తెలియుచున్నది. కావుననే సున్తీ దీనికి చికిత్స యైనది.

అయినను ప్రతి బిగువునకును కోత అవసరము కాదు. ఇందాక స్టెరాయిడు మిశ్రమములను నిందించితిమి. కాని అదే స్టెరాయిడు, తగిన వ్యాధికి, తగిన వారములు, వైద్యుని అదుపున వాడినప్పుడు కత్తిని తప్పించు సాధనమగును. 1993లో ఆస్ట్రేలియాలోను, స్కాండినేవియాలోను వైద్యులు బిగిసిన చర్మమునకు స్టెరాయిడు లేపనము పూసి, పెక్కుమంది బాలురకు శస్త్రచికిత్స తప్పించిరి. ఇట్టి ప్రయోగములను కూర్చి పరిశీలించు కొక్రేన్ సంస్థవారు 2014లో 12 పరిశోధనలను, 1,395 మంది బాలుర వివరములను సమీక్షించి, మందు లేని లేపనముకంటె ఇది చర్మమును వదులు చేయుటలో మిన్న యని తేల్చిరి. నాలుగునుండి ఎనిమిది వారములు రోజునకు రెండుమారులు పూయుట, మెల్లగా, నొప్పి కలుగనంతవరకు మాత్రమే చర్మమును జరుపుట, ఇదియే పద్ధతి. సుశ్రుతుని నేతిగొట్టమునకును దీనికిని ఎంత దూరమున్నను, నడచినది ఒకే దారి.

మరి శస్త్రచికిత్స ఎవరికి? మచ్చకట్టి గట్టిపడిన చర్మము లేపనములకు లొంగనప్పుడు, లైకెన్ స్క్లెరోసస్ ముదిరినప్పుడు, షుగరు అదుపులో నున్నను వాపు మాటిమాటికి తిరిగి వచ్చుచున్నప్పుడు, మూత్రమునకు అడ్డుపడినప్పుడు, లోపల పుండు, గడ్డ ఉన్నవేమో చూడ వీలులేనప్పుడు. పెద్దవారికి మొదలునందు మత్తుసూది వేసి, ఆ భాగమును మాత్రము తిమ్మిరి చేసి, ఈ పని పూర్తిచేయుదురు. సాధారణముగ అదే దినము ఇంటికి పంపుదురు. కుట్లు వాటంతట అవే కరగిపోవును. నాలుగైదు వారములు భార్యాభర్తలు ఎడముగా నుండవలెను. రక్తస్రావము, చీముపట్టుట అను రెండు చిక్కులు అప్పుడప్పుడు రావచ్చును. షుగరును ముందుగా అదుపులో పెట్టినచో ఇవి తగ్గును. తొలగించిన చర్మము అనుమానాస్పదముగా నున్నచో సూక్ష్మదర్శిని పరీక్షకు పంపుటయు అవసరము. కోత అన్నంతనే నొప్పికి జంకువారు, మత్తుమందుల చరిత్రలో మన హైదరాబాదునకును ఒక స్థానమున్నదని తెలిసికొని ధైర్యము వహింతురు గాక. 1888, 1889 సంవత్సరములలో క్లోరోఫారమును గూర్చిన ప్రసిద్ధ పరిశోధనలు ఆరవ నిజాము ద్రవ్యసహాయముతో ఎడ్వర్డ్ లారీ పర్యవేక్షణలో అచ్చటనే జరిగినవి.

కొందరు పసివారికి ఈ శస్త్రచికిత్స చేయరాదు. మూత్రద్వారము కొనయందు గాక అడుగుభాగమున ఉన్న బిడ్డకు, దానిని సరిచేయుటకు ఆ చర్మమే కావలసియుండును. రక్తము గడ్డకట్టని వంశవ్యాధి గలవారికిని ముందుగా ప్రత్యేక చికిత్స అవసరము. ఆచారముగా సున్తీ చేయించు కుటుంబములవారు గూడ ఈ రెండు విషయములను వైద్యునిచే చూపించుకొని, శుద్ధిచేసిన పరికరములతో, శిక్షణపొందిన చేతులచే చేయించుట క్షేమము. ఇంకొక హెచ్చరిక అందరికిని. వెనుకకు జరిపిన చర్మము తిరిగి ముందుకు రాక, కొన వాచి నీలముగా మారినచో, అది సుశ్రుతుడు పరివర్తిక యన్నదే. గంటలలో ఆసుపత్రికి పోవలెను. మూత్రమునకు గొట్టము వేయబడిన వృద్ధులకు సేవచేయువారు, శుభ్రపరచిన తరువాత చర్మమును ముందుకు తెచ్చుట మరువరాదు.

ఇక మిగిలినది వ్యాధికంటె మొండిదైన సంకోచము. నిజామాబాదు, బోధను పట్టణములలో హిందువులును, ముస్లిములును తరతరములుగా ఒకే వీధిలో కాపురముండువారు. సున్తీ యనగా ఒకరికి మతాచారము. కావుననే మరియొకరికి అది తమది కాని గుర్తుగా తోచును. శస్త్రచికిత్స అవసరమని వినిన హిందూ రైతు వైద్యునితో ఏమనునో ఊహించుట కష్టము కాదు. “సారూ, నాకు సున్తీ చేస్తరా? ఊర్లె మొకం ఎట్ల సూపెట్టాలె?” అనును. దానికి తగిన సమాధానమును అతని భాషలోనే చెప్పవచ్చును. “పెద్దయ్యా, పన్ను పుచ్చితే పీకుతం గదా, గిది గూడ గంతే. గిది మతం గాదు, మందు.” చెడిన చర్మమును తొలగించుకొన్నంత మాత్రమున ఎవరి మతమును మారదు, ఎవరి మర్యాదయు తరుగదు. అట్లే, బాల్యమున సున్తీ అయిన ముస్లిము సోదరునికి ఈ చర్మబాధలు అరుదైనను, షుగరు వ్యాధి అతనిని విడిచిపెట్టదు. అతనికి ఈ ముందస్తు కబురు అందదు గనుక, నలుబది యేండ్లు దాటిన పిమ్మట రక్తపరీక్ష మరింత శ్రద్ధగా చేయించుకొనవలెను.

ఆఫ్రికాలో హెచ్.ఐ.వి. నివారణకై సున్తీని ప్రోత్సహించుచున్నారు గదా యని కొందరడుగుదురు. దక్షిణాఫ్రికా, కెన్యా, యుగాండా దేశములలో జరిగిన ప్రయోగములపై ఆధారపడి, 2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ సిఫారసు చేసిన మాట నిజము. అది ఆ వ్యాధి అత్యధికముగా నున్న దేశములకై ఉద్దేశింపబడినది. మనము నేడు చెప్పుకొన్నది వేరు. ఇది రోగము వచ్చినవానికి చేయు చికిత్సను గూర్చినది.

నిజామాబాదులో 2013లో ప్రభుత్వ వైద్య కళాశాల ఏర్పడినది. దాని ఆసుపత్రిలోను, బోధను ప్రభుత్వాసుపత్రిలోను రక్తములోని చక్కెరను పరీక్షించుట నిత్యము జరుగు పని. పేరు చెప్పి, చీటీ తీసికొని, “మూత్రము దగ్గర మంట” అన్నంత మాత్రమున వైద్యునికి సంగతి అర్థమగును. మీరు మాటలు వెదకుకొనవలసిన పనియులేదు. గృహిణులకు ఒక మనవి. భర్తయో, తండ్రియో, మామగారో ఈ మధ్య లోపలి బట్టలు తామే ఉదుకుకొనుచున్నను, రాత్రి పలుమార్లు లేచుచున్నను, దాహమెక్కువైనను గమనింపుడు. ఆయన చెప్పలేనిచో మీరు అడుగుడు. మగబిడ్డ బిగువును చూచి తొందరపడకుడు. మగవాని బిగువును చూచి ఆలస్యము చేయకుడు. వచ్చిన కబురును విప్పి చదువుకొన్న ఇంట, ఆ వ్యాధి కంటివరకును, కాలివరకును పోకముందే నిలువరింపబడును.